ఏటా నిండే బీమా ముందు వాడండి, సింగరేణి కార్డును దాచుకోండి

ప్రశ్న: గోదావరిఖనిలో ఉద్యోగంలో చేరి, భూపాలపల్లి గనిలో రిటైరయ్యాను. వయసు 63. హన్మకొండలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. నాకు పదేళ్లుగా బీపీ ఉంది, మా ఇంటామెకు (59) షుగర్. సింగరేణి కంపెనీ ఇచ్చిన రిటైర్డ్ ఉద్యోగుల మెడికల్ కార్డు ఉంది కానీ, మా ఇద్దరికీ కలిపి జీవితాంతానికి 8 లక్షలే. రెండేళ్ల కింద ఆమెకు పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ అయితే లక్షా 60 వేలు అందులోంచి పోయాయి. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కంపెనీ బీమాలో మా ఇద్దరికీ కలిపి ఏడాదికి 5 లక్షలు ఉంది. ఇవి చాలవని తెలిసిన ఏజెంటు ఒకాయన 10 లక్షల సీనియర్ సిటిజన్ పాలసీ తీసుకోమంటున్నాడు, ప్రీమియం ఏడాదికి 68 వేలు. రోజుకు 2 వేలు ఇచ్చే హాస్పిటల్ క్యాష్, ఇంకా క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ కూడా ఉంటే మంచిదట. ఫారంలో బీపీ సంగతి రాయనక్కర్లేదని, రాస్తే ప్రీమియం పెరుగుతుందని కూడా అన్నాడు. బ్రోషర్ ఫొటోలు పంపుతున్నాను. మాకు వచ్చే పింఛను తక్కువ, డిపాజిట్ల వడ్డీ మీదే ఇల్లు నడుస్తుంది. ఏది తీసుకోవాలి? ప్రీమియం మా అబ్బాయి కడతానంటున్నాడు. అతనికి పన్ను ఏమైనా తగ్గుతుందా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: నమస్తే అండీ. మీరు నాన్చకుండా అడిగారు కాబట్టి నేనూ నాన్చకుండానే చెబుతాను. ఆ 68 వేల పాలసీ మీకు వద్దు. హాస్పిటల్ క్యాష్, క్రిటికల్ ఇల్‌నెస్ కూడా వద్దు. మీకు కావలసింది సూపర్ టాపప్ పాలసీ ఒక్కటే. 5 లక్షల డిడక్టిబుల్‌తో (అంటే మొదటి 5 లక్షల ఖర్చు మనమే చూసుకోవాలి), ఇద్దరికీ కలిపి ఒకే పాలసీగా, అంటే ఫ్లోటర్‌గా, 15 నుంచి 20 లక్షల కవరేజీ ఉన్నది తీసుకోండి. దాంతోపాటు ఒక 5 లక్షలు ఎప్పుడంటే అప్పుడు చేతికొచ్చేలా బ్యాంకులో ఉంచుకోండి. ఇలా ఎందుకు అంటున్నానో చెబుతాను.

ముందు మీ దగ్గర ఉన్నవి చూద్దాం. సింగరేణి కార్డులో ఇంకా 6 లక్షల 40 వేలు మిగిలి ఉన్నాయి. ఖర్చయ్యే కొద్దీ అది తరుగుతుందే గానీ మళ్లీ నిండదు. మీ అబ్బాయి కంపెనీ బీమా అలాంటిది కాదు. ఈ ఏడాది 5 లక్షలూ అయిపోయినా, పాలసీ రెన్యువల్ అయిన రోజు మళ్లీ 5 లక్షలు వస్తాయి. కాబట్టి ఇక ముందు ఎవరు దవాఖానలో చేరినా ముందు అబ్బాయి కంపెనీ బీమానే వాడండి, సింగరేణి కార్డు బయటికి తీయకండి. రిటైరైన వాళ్లలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కార్డు తమ సొంతమని, పిల్లల కంపెనీ బీమా వాడితే వాళ్లకు ఇబ్బంది అవుతుందేమోనని మొహమాటపడి, చిన్న ఆపరేషన్లకు కూడా కార్డే ఖర్చు చేసేస్తారు. మీ ఇంటామె ఆపరేషన్ నాటికి అబ్బాయి బీమా ఉందో లేదో మీరు రాయలేదు. ఏదైనా ఆ లక్షా 60 వేల గురించి ఇప్పుడు బాధపడి లాభం లేదు, మిగిలింది కాపాడుకోండి.

అయితే కంపెనీ బీమాను నమ్ముకుని కూర్చోవడానికి కూడా లేదు. అది అబ్బాయి ఉద్యోగంతో ముడిపడి ఉంది. అతను కంపెనీ మారినా, ఉద్యోగం పోయినా, ఖర్చు తగ్గించుకోవాలని యాజమాన్యం తల్లిదండ్రులను పాలసీలోంచి తీసేసినా, ఆ రోజుతో మీ కవరేజీ పోతుంది. అందుకే అతనితో ఈ వారమే రెండు పనులు చేయించండి. ఒకటి, హెచ్‌ఆర్ వాళ్ల దగ్గర పాలసీ కాగితం తెప్పించి చదవమనండి. ఎన్ని లక్షలన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. తల్లిదండ్రుల క్లెయిముల్లో ఇంత శాతం మీరే కట్టుకోవాలి అనే షరతు, అంటే కో-పే, గ్రూపు పాలసీల్లో తరచుగా ఉంటుంది. గది అద్దెకు పరిమితి ఉందా, ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అన్నది కూడా చూడాలి. చాలా గ్రూపు పాలసీలు బీపీ, షుగర్లకు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. మీ వయసులో దానికి చాలా విలువ ఉంది, ఎందుకో కింద చెబుతాను. రెండోది, ఎప్పుడైనా ఉద్యోగం మానే ఆలోచన వస్తే, రాజీనామా ఇచ్చే ముందే ఆ బీమా కంపెనీకి రాసి, మీ ఇద్దరినీ వాళ్లదే వ్యక్తిగత పాలసీలోకి మార్చమని అడగాలని చెప్పి ఉంచండి. దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే కొత్త పాలసీ కొన్ని జబ్బులకు వర్తించేదాకా ఆగాల్సిన గడువులో కలుస్తుంది. ఉద్యోగం మానేసి నెలలు గడిచాక అడిగితే ఆ వీలు ఉండదు.

ఇక అసలు లోటు ఎక్కడుందో చూద్దాం. లక్షో రెండు లక్షలో ఖర్చు వచ్చినా మీకు ఇబ్బంది లేదు, నాలుగు లక్షలొచ్చినా గట్టెక్కుతారు. మిమ్మల్ని కుంగదీసేది పది, పదిహేను లక్షల బిల్లు. పక్షవాతమో, గుండెపోటు తర్వాత ఇన్‌ఫెక్షనో, కిడ్నీ సమస్యో వచ్చి మూడు వారాలు ఐసీయూలో ఉంటే బిల్లు అంతవరకూ వెళుతుంది. ఇక్కడి దవాఖానలో రెండు రోజులు చూసి, ‘హైదరాబాద్ తీసుకెళ్లండి’ అంటే వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్‌లో దాదాపు 150 కిలోమీటర్లు పోవాలి. ఆ అంబులెన్స్ ఖర్చులో చాలా పాలసీలు ఇచ్చేది కొద్ది వేలే. అక్కడ చేర్చాక రోజూ సాయంత్రం బిల్లింగ్ కౌంటర్ నుంచి, ‘ఇంకో లక్ష అడ్వాన్స్ కట్టాలి’ అని ఫోన్ వస్తుంది. కుటుంబాలు ప్లాటు అమ్ముకునేదీ, బంగారం తాకట్టు పెట్టేదీ అక్కడే. బీమా ఆ రోజు కోసం కావాలి.

సూపర్ టాపప్ సరిగ్గా దానికోసమే ఉంది. డిడక్టిబుల్ 5 లక్షలు అంటే, ఏడాదిలో దవాఖాన ఖర్చు 5 లక్షలు దాటేదాకా ఈ పాలసీ పైసా ఇవ్వదు. దాటిన తర్వాతి ఖర్చు కవరేజీ ఉన్నంతవరకూ ఇస్తుంది. మొదటి 5 లక్షలు మీ అబ్బాయి బీమా నుంచి రావచ్చు, సింగరేణి కార్డు నుంచి రావచ్చు, మీ జేబులోంచీ రావచ్చు. కింది భాగం మీరే మోస్తున్నారు కాబట్టి ప్రీమియం మామూలు పాలసీ కంటే బాగా తక్కువ ఉంటుంది.

ఇక్కడ పేరు దగ్గర జాగ్రత్త. ‘టాపప్’ వేరు, ‘సూపర్ టాపప్’ వేరు. మే నెలలో మీకు 4 లక్షల బిల్లు అయిందనుకోండి, నవంబర్‌లో ఇంకో 4 లక్షలు. ఉత్త టాపప్ ఏ బిల్లుకా బిల్లు విడిగా లెక్కేస్తుంది. రెండూ 5 లక్షల లోపే కాబట్టి చేతికి ఏమీ రాదు. సూపర్ టాపప్ ఏడాది ఖర్చునంతా కలిపి 8 లక్షలుగా చూస్తుంది, 3 లక్షలు ఇస్తుంది. ఫ్లోటర్ తీసుకోమన్నది కూడా ఇందుకే. ఫ్లోటర్‌లో మీ బిల్లు, మీ ఇంటామె బిల్లు రెండూ కలిపి ఆ 5 లక్షల గీత దాటితే చాలు. విడివిడిగా తీసుకుంటే ఒక్కొక్కరూ ఎవరి 5 లక్షలు వారే దాటాలి. మీ అబ్బాయి పాలసీలో ఉన్నది ఇద్దరికీ కలిపి 5 లక్షలే కాబట్టి ఫ్లోటరే దానికి సరిగ్గా అతుకుతుంది.

ఇప్పుడు వెయిటింగ్ పీరియడ్. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ వర్తించదు. కంటి శుక్లం, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటి కొన్నింటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు, వాటివల్ల వచ్చే సమస్యలకు గరిష్ఠంగా మూడేళ్లు. ఇది ఒకప్పుడు నాలుగేళ్లుండేది. 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మూడేళ్లకు తగ్గించింది. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వకపోయినా చెల్లుతుందనే పరిస్థితి కూడా అప్పుడే పోయింది. అంటే మీకు గుండెపోటో పక్షవాతమో వస్తే, మూడేళ్లలోపు ‘ఇది బీపీ వల్లే’ అని సూపర్ టాపప్ కంపెనీ అనవచ్చు. ఆ మూడేళ్లూ అబ్బాయి కంపెనీ బీమా, మిగిలిన సింగరేణి కార్డు మిమ్మల్ని కాయాలి. మొదటి రోజు నుంచే బీపీకి వర్తించే గ్రూపు బీమాకు చాలా విలువ ఉందన్నది అందుకే. ఇప్పుడు మొదలుపెడితే మీకు 66 వచ్చేసరికి ఈ గడువు తీరిపోతుంది. ‘ఇప్పుడు బాగానే ఉన్నాం కదా, చూద్దాం’ అని 68లో మొదలుపెడితే 71 దాకా ఆగాలి. అప్పటికి మొదట ప్రీమియం, తర్వాత మెడికల్ పరీక్షలు, రెండూ మీకు ఎదురు తిరుగుతాయి.

బీపీ సంగతి ఫారంలో రాయొద్దన్న మాట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఆ ఏజెంటు సలహా మీ బీమానంతా పనికిరాకుండా చేస్తుంది. ఫారంలో ఒక పేజీ నిండా ప్రశ్నలుంటాయి. రక్తపోటు ఉందా, మధుమేహం ఉందా, గత కొన్నేళ్లలో దవాఖానలో చేరారా, ఆపరేషన్ అయిందా, రోజూ మందులు వాడుతున్నారా. పక్కనే అవును, కాదు అని రెండు గళ్లు. ఏజెంటు టాబ్‌లోనో ఫోన్‌లోనో గబగబా అన్నింటికీ ‘కాదు’ నొక్కేస్తాడు, మీ ఫోన్‌కొచ్చిన ఓటీపీ చెప్పమంటాడు. ఆ ఓటీపీ మీ సంతకమే. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు ఏజెంటు ఎక్కడా ఉండడు. కంపెనీ వాళ్లు దవాఖానలో కేస్ షీట్ అడుగుతారు. అక్కడ డ్యూటీ డాక్టర్ చేర్చుకునేటప్పుడు రాసుకున్న మొదటి వాక్యమే, ‘పదేళ్లుగా బీపీ, మందులు వాడుతున్నారు’ అని ఉంటుంది. మీరో, మీ ఇంటామెనో చెప్పిన మాటే అది. ఆ ఒక్క వాక్యంతో క్లెయిమ్ పోతుంది, కట్టిన ప్రీమియం పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. పాలసీ ఆగకుండా ఐదేళ్లు నడిచాక, మోసం అని నిరూపిస్తే తప్ప దాచారన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదనే నిబంధన ఉంది. కానీ కావాలని ‘కాదు’ అని రాసిన వాళ్లకు ఆ నిబంధన అండగా నిలుస్తుందని నమ్ముకోవద్దు.

కాబట్టి అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఫారం మీరే నింపండి. మీ బీపీ, వాడే మాత్ర పేరు, ఎప్పటి నుంచి వాడుతున్నారు అన్నీ రాయండి. ఆమె షుగర్, ఆ పిత్తాశయం ఆపరేషన్ రాయండి. మీరు అన్నేళ్లు గనిలో పనిచేశారు. దగ్గు, ఆయాసం ఉండి ఎప్పుడైనా ఏరియా దవాఖానలో ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకుని ఉంటే అదీ రాయండి, రిపోర్టు జత చేయండి. ప్రీమియం కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీకి వెళ్లండి. ప్రభుత్వ రంగంలోనే న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అని నాలుగు కంపెనీలున్నాయి, ప్రైవేటువి చాలా ఉన్నాయి. నిజం రాసి తీసుకున్న పాలసీ ఒక్కటి ఉన్నా చాలు.

పాలసీ చేతికొచ్చాక చదివి, నచ్చకపోతే వెనక్కిచ్చేయడానికి 30 రోజుల ఫ్రీలుక్ గడువు ఉంటుంది. పాలసీ కాగితాల్లో మీరు నింపిన ఫారం నకలు కూడా ఉండాలి. అది తీసి గళ్లన్నీ మళ్లీ చూసుకోండి. తేడా కనిపిస్తే ఆ గడువులోనే రాతపూర్వకంగా సరిచేయించండి, లేదా పాలసీ వెనక్కిచ్చేయండి.

ఇక మీరు పంపిన బ్రోషర్. 10 లక్షలు అని పెద్ద అక్షరాల్లో ఉంది. రెండో ఫొటోలో కింద చిన్న అక్షరాల్లో రెండు షరతులున్నాయి. ప్రతి క్లెయిములో 20 శాతం కో-పే, గది అద్దె రోజుకు 5 వేలకు మించకూడదు. ఈ రెండో షరతును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ‘గది 10 వేలైతే, పైన 5 వేలు మనం కట్టుకుంటే సరిపోతుంది కదా’ అనుకుంటారు. అలా జరగదు. పరిమితికి రెట్టింపు గది తీసుకుంటే, గదితో ముడిపడిన ఖర్చులన్నీ, అంటే డాక్టర్ ఫీజులు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ అన్నీ సగానికి కోస్తారు. మందులు, లోపల అమర్చే పరికరాలు, పరీక్షలకు ఆ కోత ఉండదు.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ఆపరేషన్‌కు 4 లక్షల బిల్లు అయింది. అందులో గది, డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ కలిపి 2 లక్షల 40 వేలు, మందులు, పరీక్షలు, పరికరాలు కలిపి లక్షా 60 వేలు. గది రెట్టింపుది కాబట్టి మొదటి భాగం లక్షా 20 వేలకు తగ్గింది. మొత్తం 2 లక్షల 80 వేలు. దానిమీద 20 శాతం కో-పే తీసేస్తే మీకు వచ్చేది 2 లక్షల 24 వేలు. 68 వేలు ప్రీమియం కట్టిన ఏడాదిలోనే, 10 లక్షల పాలసీ ఉండగా, 4 లక్షల బిల్లుకు లక్షా 76 వేలు మీ జేబులోంచి పోయాయి. ఇది కాక గ్లవ్స్, మాస్కుల్లాంటి వాటికి చాలా పాలసీలు పైసలివ్వవు, దానికి 68 వస్తువుల జాబితానే ఉంది.

మీరు తీసుకునే సూపర్ టాపప్‌లో కూడా ఈ రెండు షరతులూ వెతకండి. కో-పే లేనిది, గది అద్దెకు పరిమితి లేనిది దొరుకుతుంది. హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు వాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, జోన్. కొన్ని పాలసీల్లో ఊళ్లను జోన్లుగా విడగొట్టి ప్రీమియం పెడతారు. మన ఊరి చిరునామాతో తీసుకుంటే ప్రీమియం తక్కువ పడుతుంది, సంతోషంగానే ఉంటుంది. తీరా హైదరాబాద్ దవాఖానలో చేరితే, ‘మీది కింది జోన్, ఇక్కడ చికిత్స కాబట్టి ఇంత శాతం మీరే కట్టాలి’ అంటారు. పెద్ద జబ్బుకు మనం పోయేది హైదరాబాదే కదా. అందుకే జోన్ కో-పే లేని పాలసీ తీసుకోండి, లేదా కొంచెం ఎక్కువైనా పై జోన్ ప్రీమియమే కట్టండి.

68 వేల గురించి ఇంకో మాట. బొగ్గు గనుల పింఛనులో కరువు భత్యం కలవదని మీకు నేను చెప్పనక్కర్లేదు. రిటైరైన రోజు ఎంతో, ఇప్పుడూ అంతే. ప్రీమియం మాత్రం ఆగదు. 60 దాటిన వాళ్లకు ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. ఆ 10 శాతం చొప్పునే పెరిగినా, ఇవాళ్టి 68 వేలు పదేళ్లకు లక్షా 76 వేలు దాటుతుంది. మీకు 73 ఏళ్లప్పుడు, అసలైన అవసరం మొదలయ్యే వయసులో, కట్టలేక పాలసీ వదిలేయాల్సి వస్తుంది. అలా మధ్యలో వదిలేసిన వాళ్లను చూసినప్పుడు నాకు చాలా బాధనిపిస్తుంది, అన్నేళ్లు కట్టిందంతా పోయినట్టే కదా. అందుకే ప్రీమియం చూసేటప్పుడు, ‘ఈ ఏడాది కట్టగలనా’ అని కాక, ‘75లో కట్టగలనా’ అని లెక్క వేయండి. ఒక మంచి సంగతి ఏమిటంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఏజెంటు చెప్పిన మొత్తంలో పాత పన్ను కలిసి ఉందేమో అడగండి.

హాస్పిటల్ క్యాష్ పది రోజులకు 20 వేలిస్తుంది. ఆ ఖర్చు మీరు భరించగలరు, దానికి బీమా ఎందుకు? పెద్ద జబ్బు వస్తే ఒకేసారి మొత్తం ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్‌ది ఇంకో కథ. జాబితాలో ఉన్న జబ్బు, వాళ్లు రాసిన నిర్వచనానికి సరిగ్గా సరిపోవాలి. పాలసీ తీసుకున్నాక సాధారణంగా 90 రోజులు ఆగాలి, జబ్బు తేలాక మామూలుగా 30 రోజులు బతికి ఉండాలి. సంపాదిస్తున్న నలభై ఏళ్ల మనిషికి అది పనికొస్తుంది. బీపీ ఉన్న 63 ఏళ్ల వారికి ప్రీమియం ఎక్కువ, ఫలితం తక్కువ.

బ్యాంకులో 5 లక్షలు పెట్టుకోమన్నాను. రెండు బీమాలు ఉన్నప్పుడు నగదు రహిత చికిత్స సాధారణంగా ఒకదానితోనే నడుస్తుంది. రెండో దాని డబ్బు చాలాసార్లు మీరు ముందు కట్టి, తర్వాత తెచ్చుకోవాల్సిందే. ఈ సొమ్మును సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో పెట్టకండి, అది ఐదేళ్ల పథకం, మధ్యలో తీస్తే కోత పడుతుంది. లక్ష చొప్పున ఐదు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేసి, మీ ఇద్దరి పేర్ల మీద ‘ఇద్దరిలో ఎవరైనా’ తీసుకునేలా పెట్టండి. ఐసీయూలో ఉన్న మనిషి సంతకం కోసం డబ్బు ఆగిపోకూడదు.

ఎవరైనా దవాఖానలో చేరితే, బిల్లు ఎంతవుతుందో తెలియకపోయినా, అబ్బాయి కంపెనీ బీమాతో పాటు సూపర్ టాపప్ కంపెనీకి కూడా అదే రోజు ఫోన్ చేసి చెప్పండి. 5 లక్షలు దాటాక చెబుదామనుకుంటే, ‘ఆలస్యంగా చెప్పారు’ అనే మాట వస్తుంది. డిశ్చార్జి రోజు హడావుడిలో చాలామంది ఒక్క బిల్లు కాగితం పట్టుకుని వచ్చేస్తారు. డిశ్చార్జి సమ్మరీ, పద్దుల వారీగా విడగొట్టిన ఫైనల్ బిల్లు, రసీదులు, పరీక్షల రిపోర్టులు, మందుల బిల్లులు అన్నీ రెండు సెట్లు దవాఖాన ముద్రతో తీసుకోండి. మొదటి బీమా కంపెనీ ఎంత ఇచ్చిందో చూపే సెటిల్‌మెంట్ లెటర్ కూడా కావాలి. సింగరేణి కార్డు మీద చికిత్స జరిగితే ఇది ఇంకా ముఖ్యం. బిల్లు నేరుగా కంపెనీకి వెళుతుంది కాబట్టి మీ చేతికి ఒక్కోసారి ఏమీ ఇవ్వరు. అడిగి తీసుకోకపోతే, 5 లక్షలు ఖర్చయ్యాయని సూపర్ టాపప్ వాళ్లకు చూపడానికి మీ దగ్గర ఆధారమే ఉండదు. కార్డు మీద ఇప్పటివరకు ఎంత వాడారో, ఏ జబ్బులకు ఆ పరిమితి ఎలా వర్తిస్తుందో మెడికల్ విభాగం నుంచి రాతపూర్వకంగా కూడా తీసుకుని ఉంచుకోండి.

నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఇది 2024 నుంచి ఉన్న నియమం. ఆలస్యం చేస్తే ఆ మాట గుర్తుచేయండి. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు చూడండి. ఆ తర్వాత హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి ఏడాది లోపు వెళ్లవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ టోల్‌ఫ్రీ నంబరు 155255.

మీకు 70 నిండాక ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి తప్పక ఆలోచించండి. ఆదాయంతో సంబంధం లేకుండా 70 నిండిన వాళ్లకు ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇచ్చేలా కేంద్రం 2024 అక్టోబర్ 29న మొదలుపెట్టింది. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. వయసు ఆధార్‌లో ఉన్నదే చూస్తారు. గనుల్లో చేరేటప్పుడు రాయించిన వయసుకూ ఆధార్‌కూ తేడా ఉన్నవాళ్లు మనవైపు చాలామందే ఉన్నారు, ఒకసారి చూసుకోండి. ఆ కార్డు 70 నిండిన వాళ్లకే వర్తిస్తుంది. అప్పటికి మీ ఇంటామెకు 66 కాబట్టి ఆమె మీ కార్డు కిందికి రారు. ఇద్దరూ 70 దాటాక ఆ 5 లక్షలు ఇద్దరూ పంచుకోవాలి. కాబట్టి అది వచ్చినా సూపర్ టాపప్ మానకండి. వివరాలకు 14555. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది గానీ, అది ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు. అర్హత లేకుండా దానికోసం ప్రయత్నించమని ఎవరైనా చెబితే వినకండి.

నెలనెలా అయ్యే మందులు, రక్తపరీక్షల ఖర్చుకు ఏ పాలసీ కోసమూ వెతకొద్దు. ఓపీ ఖర్చులిచ్చే పాలసీల ప్రీమియం దాదాపు ఆ ఖర్చంతా ఉంటుంది. జన ఔషధి దుకాణాల్లో బీపీ, షుగర్ మాత్రలు చాలా చవక. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానల్లో ఉచితంగానే ఇస్తారు. శుక్లాల ఆపరేషన్ అవసరమైతే వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. ఇలాంటి వాటికి కార్డు వాడకండి.

చివరగా మీ అబ్బాయి పన్ను సంగతి. తల్లిదండ్రుల్లో ఒకరు 60 దాటి ఉంటే, వాళ్ల ఆరోగ్య బీమాకు కట్టిన ప్రీమియంపై ఏడాదికి 50 వేల వరకు మినహాయింపు ఉంది. సూపర్ టాపప్‌కూ ఇది వర్తిస్తుంది. కానీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానం ఎంచుకుని ఉంటే రాదు. అతను ఏ విధానంలో ఉన్నాడో ముందు అడగండి. ప్రీమియం నగదుగా కడితే మినహాయింపు ఇవ్వరు, అతని ఖాతా నుంచే ఆన్‌లైన్‌లోనో చెక్కుతోనో కట్టమనండి. మీ ఖాతా నుంచి మీరు కట్టి, అతను తర్వాత మీకు డబ్బు పంపితే అది అతని లెక్కలోకి రాదు.